అద్దె కాటేజీలో వంట ఎవరిది?

ఇంగ్లండులో సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళ ప్రకటనల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: "సెల్ఫ్ కేటరింగ్". మీ వంట మీరే చేసుకోండి అని దాని అర్థం. నా పేచీ అంతా ఆ "మీరే" అన్న మాటతోనే. వినడానికి వచ్చిన ఎనిమిది మందినీ కలిపి అన్నట్టే ఉంటుంది. తీరా తాళం తీసి సామాను దింపాక చూస్తే, ఆ "మీరే" అంటే ఆడవాళ్ళే అని తేలుతుంది.

మేం లీడ్స్‌లో ఉంటాం. మా ఇంటి నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలో నార్త్ యార్క్ మూర్స్ అనే నేషనల్ పార్క్ ఉంది. గత ఆరేళ్ళలో నాలుగుసార్లు ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాటేజీ తీసుకుని, ఒకసారి వారం, ఒకసారి నాలుగు రోజులు అలా ఉండి వచ్చాం. దాంతో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న మన కుటుంబాలకి హోటల్ కన్నా కాటేజీయే మేలు. కానీ అడ్వాన్సు కట్టే ముందే వంట సంగతి తేల్చుకోకపోతే, ఇల్లాలికి అది సెలవు కాదు, బదిలీ. ఉద్యోగం అదే, ఊరు మాత్రం వేరు.

మూర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అరకో హార్స్‌లీ కొండలో అనుకోకండి, అక్కడ చెట్లుంటాయి. ఇది చెట్టు నీడన్నది లేని ఎత్తైన బయలు. కనుచూపు మేర మోకాలెత్తు పొదలు, వాటిని హెదర్ అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయినట్టు గోధుమ రంగులో ఉంటాయి. ఆగస్టు వచ్చేసరికి పూస్తాయి చూడండి, కొన్ని వారాల పాటు కొండకి కొండే వంగపండు రంగు చీర కట్టుకున్నట్టుంటుంది. ఇదంతా దేవుడు చేసిన బయలేమో అనుకున్నాను గానీ కాదు. వేల ఏళ్ళ క్రితం మనుషులే అడవి నరికేశారు. ఆ తర్వాత గొర్రెలు మేసి, గ్రౌస్ అనే పక్షుల వేట కోసం పొదల్ని వంతులవారీగా కాలుస్తూ, చెట్లు మళ్ళీ లేవకుండా చేశారు. మనుషులు పట్టుబట్టి అలా ఉంచబట్టి అది అలా ఉంది. ఇంటి అలవాట్లు కూడా ఇంతే కదా అనిపిస్తుంది నాకు. తరాల తరబడి ఉన్నవాటిని చూసి, పుట్టుకతో వచ్చినవే అనుకుంటాం.

ఇక హోటల్ కన్నా కాటేజీ ఎందుకు మేలంటే, కారణాలు మీకూ తెలిసినవే. హోటల్లో మనకి రెండు గదులు కావాలి. పిల్లలు మంచం మీద గెంతితే కింద గదివాళ్ళకి కోపం. మావయ్యగారికి సుగర్, వేళకి తినాలి. అత్తయ్యగారు మాంసం వండిన గిన్నెలో వండింది ముట్టరు. ఆ పల్లెల పబ్బుల్లో శాకాహారం అంటే ఒక సూపో, చీజు పెట్టిన బంగాళాదుంపో. రెండు రోజులకి పెద్దవాళ్ళ మొహాలు వాడిపోతాయి. నాలుగు మెతుకులు పెరుగన్నం పడితే గానీ తేరుకోరు. కాటేజీలో అయితే నాలుగు పడగ్గదులు, చలి కాచుకోవడానికి కట్టెల పొయ్యి, పిల్లలు పరిగెత్తడానికి పెరడు. ఆగస్టులో రెండు కుటుంబాలం వారానికి 1,400 పౌండ్లు ఇచ్చి, సగం సగం పంచుకున్నాం. హోటల్ లెక్క వేసుకుంటే ఇదే తక్కువ.

డబ్బు సరిగ్గా సగం సగం పంచుకున్నామా? పని ఎవరూ పంచలేదు. అది దానంతటదే ఇద్దరు ఆడవాళ్ళ మీదకి నడిచి వచ్చేసింది.

మొదటిసారి జరిగింది చెబుతాను, మీ ఇంటి కథలాగే ఉంటుంది. శనివారం ప్రయాణమైతే బుధవారం నుంచే సర్దుడు. బియ్యం, కందిపప్పు, పోపుల పెట్టె, ఆవకాయ, ఇడ్లీ రవ్వ, ప్రెషర్ కుక్కర్. ఆ కాటేజీల వంటింట్లో మూడు రకాల వైను గ్లాసులుంటాయి గానీ కుక్కర్ ఉండదు, కత్తులు తెగవు. పొలాల మధ్య పాత ఇళ్ళలో కొన్నిట ఆగా అనే ఇనప పొయ్యి ఉంటుంది. ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మంట పెంచడానికీ తగ్గించడానికీ మరేదీ ఉండదు. ఒక ప్లేటు బాగా వేడి, ఒకటి సన్నవేడి. దోసె మాడుతోందంటే పెనాన్నే పక్క ప్లేటు మీదకి జరపాలి. ఎనిమిది మందికి రెండేసి దోసెలంటే ఎన్నిసార్లు జరపాలో లెక్క వేసుకోండి.

పైగా అది మన ఇల్లు కాదు. తెల్లటి గట్టు మీద పసుపు మరక పడుతుందేమో, ఇంగువ పోపు వాసన కర్టెన్లకి పడితే డిపాజిట్టులో కోత పెడతారేమో. కిటికీలు తెరిచి పోపు వేస్తే చలి, మూసి వేస్తే పొగ అలారం. మన వంటింట్లో చేతులు వాటంతటవే పోతాయి. అక్కడ గరిటె కోసం నాలుగు సొరుగులు లాగాలి. అంటే ఇంట్లో కన్నా అక్కడే ఎక్కువ పని.

పదిన్నరకి అందరూ బూట్లు వేసుకుని నడకకి బయల్దేరుతారు. "మీరు వెళ్తూ ఉండండి, ఇవి కడిగేసి వస్తాం" అంటాం. ఆ వచ్చేది ఎప్పుడూ జరగదు. రెండింటికి వాళ్ళు ఎర్రబడ్డ బుగ్గలతో తిరిగొచ్చి "అబ్బ, ఏం గాలి! మీరు రావాల్సింది" అంటారు. అప్పటికి మనం పప్పుచారు దింపి ఉంటాం. ఆ వారం ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఊదారంగు కొండ మీద పిల్లలూ, వాళ్ళ నాన్నలూ ఉన్నారు. మేమిద్దరం ఉన్నవి రెండే ఫోటోలు, రెండూ భోజనాల బల్ల దగ్గరవే.

ఇలా అంటే వచ్చే సమాధానాలు నాకు తెలుసు.

"ఇంట్లో రోజూ చేసేదేగా" అంటారు. రోజూ చేస్తాం కాబట్టే సెలవు కావాలి. ఆఫీసుకి రోజూ వెళ్ళే మనిషిని సెలవుల్లో కూడా ఆ ఫైళ్ళే చూడమంటే ఊరుకుంటాడా?

"నీ చేతి వంటే బావుంటుంది" అంటారు. ఇది కొంచెం గడుసు మాట. పొగడ్తలాగా వచ్చి పనిలాగా మిగిలిపోతుంది. బావుండకపోయినా ఏడు రోజుల్లో రెండు పూటలు తింటే ఎవరికీ ఏమీ కాదు.

"బయట తింటే ఖర్చు కదా" అంటారు. నేను బయట తిందామనడం లేదు. ఇంట్లోనే వండుదాం, కానీ అందరం వండుదాం అంటున్నాను. దానికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికన్నా జవాబు చెప్పడం కష్టమైంది మన ఆడవాళ్ళే అనే మాట. "నాకేం కష్టం లేదు, పిల్లలు తింటుంటే చూడ్డమే నా సంతోషం." ఇందులో అబద్ధం లేదు. వాన పడుతున్న సాయంత్రం, పొయ్యి పక్కన కూర్చున్న పిల్లలకి వేడి వేడి పకోడీలు వేసి ఇస్తే వాళ్ళ కళ్ళలో కనిపించేది నాకూ ఇష్టమే. కానీ ఆ సంతోషం మనం ఎంచుకున్నదైతేనే సంతోషం. పకోడీలు వేయాలనిపించి వేయడం వేరు, వేయకపోతే ఇంకెవరూ ఏమీ చేయరని వేయడం వేరు. వేరొకరు వండే రోజు కూడా ఉంటేనే మనకి ఈ రెండింటి తేడా తెలుస్తుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు మా అత్తయ్యగారూ మావయ్యగారూ తణుకు నుంచి వచ్చి ఉన్నారు. అత్తయ్యగారు ఈ చర్చ విని నవ్వారు. "మేము కాశీ వెళ్ళినప్పుడు కిరసనాయిలు స్టవ్వు రైల్లో పెట్టుకెళ్ళామమ్మా. సత్రంలో పదిమందికి వండి పెట్టాను. గంగ దగ్గర కూచున్నది ఎంతసేపంటే చెప్పలేను. మీకు గిన్నెలు తోమే మిషనైనా ఉంది" అన్నారు. దెప్పిపొడుపుగా అనలేదు, ఉన్న మాటే అన్నారు. ఆ మాటతో నాకు అసలు విషయం ఇంకా స్పష్టమైంది. కోడలు తప్పుకుంటే ఆ పని అత్తగారి మీద పడుతుంది. ఆవిడ కాదనరు కూడా, కొంగు దోపి లేచి నిలబడతారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఐదు వేల మైళ్ళు అవతలికి కొడుకింటికి వచ్చి, అక్కడి నుంచి మూర్ చూడ్డానికి వెళ్ళి, అక్కడా పోపు పెట్టడమేనా? కాబట్టి నా పని ఇంకో ఆడమనిషికి అప్పగిస్తే చాలదు. అది వంటింటి గుమ్మం దాటి మగవాళ్ళ దాకా వెళ్ళాలి.

వెళ్ళింది కూడా. పెద్ద గొడవేం జరగలేదు. బయల్దేరే ముందు ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు ఒక కాగితం తీసి రోజులు రాశాను. పెద్దవాళ్ళు నలుగురం. ఆరు రాత్రులు. ఒక్కొక్కరికి ఒక్కో రాత్రి, మిగిలిన రెండింట్లో ఒకటి బయట తినడం, ఒకటి మిగిలినవన్నీ కలిపి కానిచ్చేయడం. మా ఆయన కాసేపు ఫోను చూసుకుని "బుధవారం నాది" అన్నారు. మావయ్యగారు రిటైరైన మాస్టారు, జన్మలో స్టవ్వు వెలిగించిన మనిషి కాదు. "నాకు వంట రాదు, పొద్దున్న కాఫీ నేను చూసుకుంటాను" అన్నారు. ఆయన రాత్రి వంతు నేనూ మా ఆయనా కలిసి చేశాం. వారం రోజులూ కాఫీ ఆయనే కలిపారు. మొదటి రెండు రోజులూ అది కాఫీలా లేదు. అత్తయ్యగారు మంచం మీద కూర్చుని తాగారు, ఏమీ అనలేదు, పూర్తిగా తాగారు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ చేతికి ఆయన కప్పు అందించడం అదే మొదటిసారని తర్వాత చెప్పారు.

ఆ వారమే మేం అందరం కలిసి హోల్ ఆఫ్ హోర్కమ్ అనే చోటుకి వెళ్ళాం. నేల మధ్యలో పెద్ద గిన్నెలా ఉంటుంది, 400 అడుగుల లోతు, ముప్పావు మైలు వెడల్పు. ఊటనీళ్ళు అడుగు నుంచి తొలిచేయడం వల్ల అలా అయిందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. అక్కడి జనం చెప్పుకునే కథ వేరు. వేడ్ అనే రాక్షసుడు పెళ్ళాంతో తగువు పడి, ఆవిడ మీద విసరడానికి గుప్పెడు మట్టి పెకలించాడట. అదే ఆ గొయ్యి. గురి తప్పి ఆ మట్టి పడ్డ చోట బ్లేకీ టాపింగ్ అనే గుట్ట లేచిందట. అత్తయ్యగారు ఆ కథ విని "వంట గురించే అయ్యుంటుంది తగువు" అన్నారు.

ఇంకో వింత కూడా చెప్పాలి. ఆ బయలు మీద పాత రాతి శిలువలు చాలా ఉన్నాయి, దారి గుర్తుల్లాంటివి. వాటిలో తెల్ల సున్నం వేసిన పొట్టి రాయి ఒకటి, పేరు ఫ్యాట్ బెటీ. నడిచి వెళ్ళేవాళ్ళు దాని దగ్గర తినేదేదైనా ఒకటి పెట్టి, అంతకు ముందు ఎవరో పెట్టింది ఒకటి తీసుకోవాలని ఆచారం. మా పిల్లలు వేరుశనగ చిక్కీ పెట్టి చాక్లెట్ తీసుకున్నారు. పెట్టడమూ తీసుకోవడమూ రెండూ ఉన్నాయి అందులో. మన ఇళ్ళలో ఆడవాళ్ళకి పెట్టడం ఒక్కటే నేర్పారు.

కాటేజీ తీసుకోవాలనుకునేవాళ్ళకి, ఈ ఆరేళ్ళలో నాకు తెలిసినవి కొన్ని చెబుతాను.

వంట జాబితా డబ్బు కట్టే ముందే రాయండి. డబ్బు పంచుకునే ఫోను కాల్‌లోనే పనీ పంచుకోండి. వెళ్ళాక మాట్లాడితే అది పోట్లాట అవుతుంది. ముందు మాట్లాడితే ఏర్పాటు అవుతుంది. ముందే ఇంట్లో వండి ఫ్రీజర్లో పెట్టి పట్టుకెళ్ళడం పరిష్కారం కాదు. అది సెలవుకి ముందు వారాన్ని కూడా తినేయడం. పొద్దున్నపూట దోసెలు మానేయండి. బ్రెడ్డు, అటుకులు, పాలు, పళ్ళు పెట్టేస్తే ఎవరికి కావాల్సింది వాళ్ళు తింటారు.

బయట తినే రోజు దగ్గర్లోని విట్బీ రేవుకి వెళ్ళి చేపలూ చిప్సూ తినడం ఆ ప్రాంతపు ముచ్చట. కానీ యార్క్‌షైర్‌లో చాలా దుకాణాల్లో చిప్సు గొడ్డు కొవ్వులో వేయిస్తారు. మీ ఇంట్లో పట్టింపు ఉంటే ముందే అడగండి. నూనెలో వేయించేవాళ్ళూ ఉంటారు. పిల్లలకి పికరింగ్ నుంచి విట్బీ వెళ్ళే పాత ఆవిరి రైలు బాగుంటుంది. మధ్యలో గోత్‌ల్యాండ్ స్టేషనే హ్యారీ పాటర్ మొదటి సినిమాలో హాగ్స్‌మీడ్ స్టేషన్. ఆ రైలెక్కే రోజు వంట పెట్టుకోకండి.

బళ్ళు సెలవులున్నప్పుడు అద్దెలు మండిపోతాయి. అలాగని బడి మానిపించి తీసుకెళ్తే జరిమానా పడొచ్చు. ఇంగ్లండులో ఇప్పుడది ఒక్కో బిడ్డకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. బడికి వెళ్ళని పసిపిల్లలున్నవాళ్ళు మాత్రం మే నెలలోనో సెప్టెంబరు మొదట్లోనో హాయిగా వెళ్ళొచ్చు. సెప్టెంబరు మొదట్లో పూలు ఇంకా మిగిలే ఉంటాయి.

ఆఖరి రోజు సంగతి. సాధారణంగా పొద్దున్న పదింటికి ఖాళీ చేయాలి, సాయంత్రం నాలుగింటికి తర్వాతవాళ్ళు వస్తారు. ఆ మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఇల్లంతా శుభ్రం చేస్తారు. మనవాళ్ళు ఆ ఆఖరి పొద్దున్న స్నానాల గది కూడా తోమి పెడతారు, ఎవరైనా ఏమనుకుంటారో అని. గిన్నెలు కడిగి, చెత్త తీసి, ఫ్రిజ్ ఖాళీ చేసి, పసుపు మరకలు తుడిస్తే చాలు. వచ్చే మనిషికి గౌరవం అది. మిగతాదానికి మనం అద్దెలో డబ్బు ఇచ్చాం. ఆ గిన్నెలు కడిగేది కూడా ఒక్కరే కాకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. రోజుకి ఒక గంట ఆ బయలు మీద ఒంటరిగా నడవండి. ఇక్కడ 2000లో వచ్చిన చట్టం ప్రకారం, మ్యాపులో గుర్తు పెట్టిన మూర్ నేల ఎవరిదైనా సరే, కాలినడకన ఎవరైనా తిరగొచ్చు. టికెట్ లేదు, అడిగేవాళ్ళు లేరు. కొన్ని రోజులు కొన్ని చోట్ల మూసేస్తారు, బోర్డు ఉంటుంది. జాగ్రత్తలు మామూలువే. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి కాగితం మ్యాపు ఉంచుకోండి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్ 26 పడమటి సగానికి, ఓఎల్ 27 తూర్పు సగానికి. మంచు ఉన్నట్టుండి దిగుతుంది, వాన కోటు లేకుండా కదలకండి. పొదల్లో నడిచి వచ్చాక కాళ్ళకి పిడుదులు పట్టాయేమో చూసుకోండి, వాటి వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. నిజంగా ఆపద వస్తే 999కి ఫోన్ చేసి పోలీసుని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి.

ఆ గంటలో ఏముంటుందంటే, ఏమీ ఉండదు. గాలి, గొర్రెలు, అడుగుల చప్పుడు. ఎవరూ ఏదీ అడగరు. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్కపెట్టక్కర్లేదు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా తలలో వంటింటి లెక్క ఆగిన మొదటి గంట అదేనంటే మా ఆయన నమ్మలేదు. మీరు నమ్ముతారని తెలుసు. ఇదేదో గొప్ప విశ్రాంతి అనడం లేదు. కానీ ఇంట్లో మిగతావాళ్ళకి సెలవంటే ఇలాంటి గంటలే రోజంతా ఉంటాయి. మనకి ఒక్కటి అడగడం అత్యాశ కాదు.

వచ్చే వేసవికి కాటేజీ చూస్తున్నవాళ్ళు చాలామందే ఉంటారు. గదులెన్ని, వైఫై ఉందా, కారు పెట్టుకునే చోటుందా అని అన్నీ చూస్తారు. వాటితో పాటు ఒక తెల్ల కాగితం కూడా తీసుకోండి. ఎడం పక్క రోజుల పేర్లు, కుడి పక్క మనుషుల పేర్లు రాయండి. మీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసుకోండి. అందరి పేరూ ఎన్నిసార్లు వచ్చిందో మీదీ అన్నిసార్లే వస్తే, అప్పుడు అడ్వాన్సు కట్టండి.